బాయి మీద ఐదో వంతు

మా అబ్బా బతుకంతా మోటర్లు నడిపించడానికే సరిపోయింది. నా చదువేమో అవి ఆగితే గానీ సాగనంది. తండ్రీ బిడ్డల మధ్య ఇంతకంటే పెద్ద తగవు ఏ ఇంట్లోనూ ఉండదని మా అమ్మ నవ్వేది.

కోరుట్లలో బస్టాండు వెనక సందులో అబ్బాది మోటర్ వైండింగ్ దుకాణం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన మోటర్లను ట్రాలీ ఆటోల్లో తెచ్చి దించేవారు. అబ్బా లోపల మాడిన తీగంతా పీకి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఎండలో ఆరబెట్టేవాడు. సరిగా ఆరిందో లేదో చూడటానికి ఆయన దగ్గర ఒక బల్బు ఉండేది. దాని రెండు వైర్లలో ఒకటి తీగకు, ఇంకొకటి మోటర్ ఒంటికి తాకించేవాడు. వెలగకపోతే మంచిది. కొంచెం ఎర్రబడినా లోపలెక్కడో తడి ఉందని, కరెంటు పక్కదారి పడుతోందని అర్థం. చిన్నప్పుడు ఆ బల్బు వెలిగితే నేను చప్పట్లు కొట్టేదాన్ని, అబ్బా మొహం మాడ్చుకునేవాడు.

పెద్దయ్యాక ఫిజిక్స్ చదివి, జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీలో చేరాను. నా పని ధ్రువకాంతి మీద. అరోరా అంటారే, అది. భూమికి పైకొసనా కింది కొసనా రాత్రిపూట ఆకాశంలో ఆకుపచ్చగా, ఎర్రగా తెరల్లా ఊగే వెలుగు. చాలా అందంగా ఉంటుందట. "అట" అనే అంటాను, నేనింతవరకు చూడలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే ఫిజిక్స్ అని ఊరుకునేదాన్ని. ఒకసారి నోరు జారి అరోరా అన్నందుకు, "మరి మన దగ్గర ఎప్పుడొస్తది?" అని ఒక పెద్దమ్మ పెళ్లి భోజనం అయ్యేదాకా నన్ను వదల్లేదు.

నిజానికి నాకు కావలసింది ఆ అందం కాదు. ఆ వెలుగు వచ్చినప్పుడు పై గాలిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే నా ప్రశ్న. అబ్బాకు ఒకసారి దుకాణంలో కూర్చుని చెప్పాను. సూర్యుడి వైపు నుంచి తోపుడు ఎక్కువైనప్పుడు, పైనుంచి కంటికి కనపడని విద్యుత్ కణాలు వానలా పడతాయి, అవి గాలిని కొట్టి చీలుస్తాయి, ఆ దెబ్బకు వెలుగు వస్తుంది, అప్పటిదాకా కరెంటును సరిగా పోనివ్వని గాలి దారి ఇస్తుంది అని. ఆయన చేతిలో ఉన్న బల్బు పక్కన పెట్టాడు.

"అంటే పైన వైండింగ్ తడుస్తదన్నట్టు. గా తడికి బల్బు ఎలుగుతదన్నట్టు."

ఇంచుమించు అంతే అబ్బా అన్నాను. ఇంట్లో మాది ఉర్దూయే అయినా దుకాణంలో కూర్చుంటే అబ్బాకు తెలుగు దానంతటదే వచ్చేస్తుంది. ఈ మాట మా గైడ్ సారుకు చెప్తే, బాగుందమ్మా, థీసిస్‌లో మాత్రం రాయకు అన్నారు.

పైదేశాల రాడార్ల కొలతలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. నా థీసిస్‌లో ఎక్కువ భాగం వాటితోనే నడిచింది. కానీ వాటి మీద నాకంటే ముందు ఎంతమందో కూర్చున్నారు. నాదంటూ ఒక ముక్క ఉండాలి. ఉత్తరాన అరోరా చెలరేగి అక్కడి పై గాలిలో కరెంటు దారులు మారిపోయినప్పుడు, ఆ కుదుపు మన దాకా వస్తుంది. దాన్నే మేం తుపాను అంటాం. మన పై గాలిలో కరెంటు పారేలా చేసేది పగటి ఎండ కాబట్టి, వాళ్లకు రాత్రి కనపడేది మనకు పట్టపగలు తెలుస్తుంది. కంటికి కాదు, నేలలో పాతిన అయస్కాంత సెన్సర్‌కు. తెర మీద దాని గీత కొంచెం ఎగిరి కొంచెం దిగుతుంది. ఆ కొంచెమే నా సొంత అధ్యాయం.

మొదట సెన్సర్‌ను సిరిసిల్లలో మా బాజీ ఇంటి పెరట్లో పెట్టాం. బాజీ అంటే మా పెద్దక్క. అక్కడ జాగా ఉంది, కాపలా ఉంది, వెళ్లినప్పుడల్లా కడుపునిండా అన్నం ఉంది. నేను మరిచిందల్లా ఒక్కటే, సిరిసిల్లలో గోడ అవతల మగ్గం నడవని ఇల్లు దొరకడం కష్టం. పవర్‌లూమ్‌లు నడిచినంతసేపు నా గీత చలిజ్వరం పట్టినట్టు వణికింది. "ఊరంత మగ్గాలు బంద్ పెట్టుమని చాటింపు ఏపియ్యాల్నా?" అంది బాజీ. సెన్సర్‌ను తవ్వుకుని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. తర్వాత మల్యాల వైపు ఒక గుట్ట కింద పెడితే కోతులు పైపు మూత పీకి అవతల పారేశాయి. అప్పుడు అబ్బా, మేడిపల్లి దగ్గర తన పాత గిరాకీ ఒకాయన ఉన్నాడని, అడిగి చూద్దామని తీసుకుపోయాడు.

ఆయన్ని నేను కాకా అని పిలిచేదాన్ని. వాళ్లు నలుగురు అన్నదమ్ములు. పెద్దాయన ఎప్పుడో చనిపోతే ఆయన భార్య ఒక్కతే తన పాలు సాగు చేసుకుంటోంది. ఆమెను ఊరంతా అవ్వ అంటే నేనూ అవ్వా అన్నాను. నాలుగిళ్లకూ కలిపి ఒకటే బాయి, ఒకటే మోటర్. రోజుకొక ఇంటి వంతు. ఎవరి వంతు నాడు నీళ్లు వాళ్ల మడులకు పోతాయి. బాయికి దిగువన, అవ్వ పొలం ఒడ్డు పక్కన బీడుగా ఉన్న జాగాలో గుంట తవ్వి, సిమెంటు పైపు దించి, అందులో సెన్సర్ పెట్టాం. దాని కొలతలు ఫోన్ సిమ్ ద్వారా జగిత్యాలలో నా కంప్యూటర్‌కు వచ్చేవి. మరుసటి వారం వెళ్లి చూస్తే గుంట చుట్టూ ముళ్లకంప ఉంది. మేకలు తొక్కుతాయని అవ్వ వేసిందట. "గిండ్ల ఏం బెట్టినవ్ బిడ్డా?" అని అడిగింది. ఆకాశంలో కరెంటును చూసే మిషన్ అన్నాను. "కిందికెల్లి పైకి సూస్తదా? గమ్మతున్నది," అని తన పనికి పోయింది.

అక్కడ మగ్గాలు లేవు, కోతులు లేవు. ఉన్నది మోటరే. అది ఆగినంతసేపు గీత నున్నగా వచ్చేది. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కగానే ఒక్క గెంతు గెంతి, ఆపేదాకా మందంగా, మసిపూసినట్టు ఉండేది. పైగా ఆ మోటర్‌కు తీగ చుట్టింది మా అబ్బానే. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

అది యాసంగి, ఎండాకాలపు పంట. నా పీహెచ్‌డీ గడువును పెంచగలిగినంతా పెంచేశారు. ఎండాకాలం దాటితే ఇక లేదు. మా గైడ్ సారు సూటిగా చెప్పారు. నీ సెన్సర్ మీద పగటిపూట ఒక్క తుపాను శుభ్రంగా పడితే అధ్యాయం ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం. తీసేసినా పట్టా రాకపోదు. కాని ఆ థీసిస్‌లో నా ఊరి మన్ను ఉండదు. ఎవరో కొలిచిన కొలతల మీద ఇంకొకరు రాసిన పుస్తకంలా ఉంటుంది. నాకు ఆ అధ్యాయమే కావాలి. మిగతాదంతా దాని కోసమే రాశానా అన్నంత ఆశగా ఉండేది.

అందుకే సిగ్గు విడిచి అడిగాను. బాయి గడ్డ మీద ముగ్గురు అన్నదమ్ములూ కూర్చున్నారు. పైన తుపాను వస్తుందని రెండు రోజుల ముందే తెలుస్తుంది, నేను ఫోన్ చేస్తాను, ఆ ఒక్కరోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా మోటర్ ఆపండి అన్నాను. వరి పొట్టకొచ్చి ఉంది. అప్పుడు నీళ్లు ఆపమనడం పసిపిల్ల నోట్లోంచి పాలు లాగేయమన్నట్టే. నాకు తెలియక కాదు.

కాక తమ్ముళ్ల వైపు తిరిగాడు. "ఎవలో ఒకలి వంతు పోతది. పోయినోడు లొల్లి వెడ్తడు. గట్లగాదు గని, బిడ్డకు గూడ ఒక వంతు పెడదాం. నాలుగిండ్లకు నాలుగు, బిడ్డకొకటి. ఆమె వంతు నాడు నీళ్లు ఎవలయి గావు. మనయి ఒక్కరోజు ఎనుకకు జరుగుతయి."

తమ్ముళ్లు సరే అన్నారు. ఆడబిడ్డకు భూమిలో పాలు పెట్టినవాళ్లు ఉన్నారు గానీ, ఏమీ కాని దానికి బాయిలో వంతు పెట్టిన వాళ్లను నేను వినలేదు. నిజం చెప్తున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ కొంచెం అవతల ఒడ్డు మీద గడ్డి కోస్తోంది. నాకు వంతు పెట్టారన్న మాట ఆమె చెవిన పడింది. అది దేనికి పెట్టారో ఎవరూ దగ్గరికి పోయి చెప్పలేదు. ఆ బాయి మీద మాటలు మగవాళ్లవే.

తుపాను సంగతి తెలియగానే కాకకు ఫోన్ చేశాను. "ఎల్లుండి నా వంతు కాకా," అంటే ఆయన నవ్వాడు.

ఆ పొద్దున కాలేజీలో క్లాసులు వేరేవాళ్లకు అప్పగించి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గీత నున్నగా వస్తోంది. కాసేపటికి ఒక మెట్టు ఎక్కినట్టు పైకి లేచింది. ఉత్తరాన అరోరా మొదలైందన్నమాట. అక్కడి పై గాలిలో దారులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, నా గీత వాటితో పాటు లేస్తోంది, దిగుతోంది. నేను నీళ్లు కూడా తాగలేదు. కూర్చున్న కుర్చీలోంచి లేస్తే అది ఆగిపోతుందేమో అన్నట్టు ఉన్నాను. తుపాను నడిమధ్యకు వచ్చింది.

అప్పుడు గీత ఒక్క గెంతు గెంతి మందంగా, మసిగా మారిపోయింది.

ఆ గెంతు నాకు కొత్తది కాదు. పచ్చ బటన్. కాకకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూటీ తీసుకుని మేడిపల్లి దారి పట్టాను. దారంతా ఆ అన్నదమ్ముల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నా నోరు మంచిది కాదని మా అమ్మ అనేది ఊరికే కాదు.

పోయి చూద్దును గదా, కాలువ నిండా నీళ్లు. అవి వరి మడికి కూడా కాదు, నేరుగా నా గుంట వైపు పారుతున్నాయి. సిమెంటు పైపు చుట్టూ మడి కట్టి, నా సెన్సర్‌కు నీళ్లు పెట్టారు. స్టార్టర్ డబ్బా ముందు రాయి మీద అవ్వ కూర్చుని ఉంది, ఒళ్లో కొడవలి. ఎడంగా కాక నిలబడి ఉన్నాడు, దగ్గరికి వచ్చే ధైర్యం లేనట్టు.

"అచ్చినవా బిడ్డా," అంది అవ్వ. "ఇయ్యాల నీ వంతు. పొద్దుగాల సంది సూస్తున్న, మోటర్ బంద్ వెట్టిండ్రు. ఒక్కడన్న బటన్ ఒత్తలే."

"అవ్వా..."

"నువ్వాగు. గీళ్ల సంగతి నాకెరుకే. మా ఆయిన పోయిన ఏడు నాకు గూడ వంతు ఉన్నదనే అన్నరు. నా వంతు నాడే మోటర్ కరాబ్ అయ్యేది. తెల్లారి వాళ్ల వంతుకు బాగయ్యేది. పొట్టకచ్చిన వరి నా కండ్ల ముంగటనే ఎండింది. గప్పుడు నాకు ఎవలున్నరు అడగనీకి? నీకు నేనున్న. ఎవడు బంద్ వెడ్తడో సూస్త."

కాక రెండడుగులు ముందుకు వేశాడు. "వదినా, గిది గట్ల గాదు. బిడ్డనే బంద్ వెట్టుమన్నది."

"ఆనాడు గూడ మీరేం జెయ్యలే. మోటరే కరాబ్ అయింది," అంది అవ్వ, ఆయన వైపు చూడకుండానే. ఆయన తల దించుకున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నవా బిడ్డా? నీ వంతు నువ్వే బంద్ వెట్టుమన్నవా?"

అవును అంటే చాలు. తుపాను ఇంకా అయిపోలేదు. ఎర్ర బటన్ నా చేతికి అందేంత దూరంలో ఉంది. నొక్కితే మిగిలిన సగమైనా దక్కేది, ఆ సగంతో గైడ్ సారును ఎలాగో ఒప్పించుకునేదాన్ని. అవును అన్నది అబద్ధం కూడా కాదు. కాని ఆ మాట అంటే మరిది ముందు ఆమె మళ్లీ ఉత్తపుణ్యాన లొల్లి పెట్టిన ముసలిదైపోతుంది. అన్నేళ్లు మింగుకున్న మాట జీవితంలో మొదటిసారి పైకి అన్నది, అదీ తన కోసం కాదు, నా కోసం. ఆమె మొహం చూస్తూ నేను ఆ మాట అనలేకపోయాను.

"లేదవ్వా, నేనన్లే," అన్నాను. "నువ్వు మంచి పని జేసినవ్. నడవనీయి."

కాక నా వైపు చూశాడు. పార అందుకుని కాలువ దగ్గరికి పోయి, గట్టు తెంపి, సిమెంటు పైపు వైపు పోతున్న నీళ్లను పక్కకు మళ్లించాడు. ఆ పక్కన ఉన్నది అవ్వ వరి మడే. పొద్దు వాలేదాకా నా వంతు నీళ్లు అందులో పారాయి. నేను అవ్వ పక్కనే కూర్చున్నాను. ఆమె సద్దిలో తెచ్చిన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టింది. మింగుడు పడలేదు. ఎండకు కళ్లు మండుతున్నాయని చెప్పాను.

ఇంటికొచ్చి అబ్బాకు జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "మోటర్ ఏడెక్కలేదు గదా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత చెప్తే నీకు మోటరేనా అబ్బా అని అరిచాను. ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "అవ్వ సేను ఎండిన ఏడు గా మోటర్ నా దుకాణంకు ఒక్కసారి గూడ రాలే. కరాబ్ అయితే నా దగ్గరికి రాకుంట యాడికి పోతది? నేను గూడ అడగలే బిడ్డా." ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

అధ్యాయం పోయింది. ముందు సగం గీత బాగానే ఉంది, కాని తుపాను నడిమధ్య నుంచి లేదు, అది లేకపోతే చెప్పడానికి ఏమీ లేదు. గైడ్ సారు మంచివారు. వాళ్లకు సరిగా చెప్పాల్సిందమ్మా అని మాత్రం అన్నారు. చెప్పాను సార్, ఒకరికి తప్ప అన్నాను. థీసిస్ పైదేశాల రాడార్లతోనే పూర్తయింది, పట్టా వచ్చింది. కాలేజీలో అందరూ డాక్టర్ మేడమ్ అంటుంటే, ఎవరిదో చీర కట్టుకుని పెళ్లికి పోయినట్టు చాలా రోజులు ఇబ్బందిగా ఉండేది.

కోతలయ్యాక స్వీటు డబ్బా పట్టుకుని మేడిపల్లి పోయాను, సెన్సర్ తీసేస్తానని చెప్పడానికి. కాక ఒప్పుకోలేదు. "మిషన్ ఉండనీ. ఇచ్చిన వంతు మల్ల తీసుకునుడు మాకు తెల్వది," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు ఏం గుర్తొచ్చిందో గాని, నేల చూపు చూశాడు. నేను అప్పటికప్పుడు అన్నాను, అయితే నా వంతు అవ్వకు ఇస్తున్నాను కాకా, ఇకనుంచి బాయి మీద ఐదు వంతులు, అందులో రెండు అవ్వవి అని. తమ్ముళ్లు మొహాలు చూసుకున్నారు. కాక "కానియ్యి," అన్నాడు. అవ్వ మాత్రం నన్ను తిట్టింది. పెద్ద సదువు సదివి ఉన్న వంతు పోగొట్టుకుంటారా అని.

ఇప్పుడు మా విద్యార్థులు ఆ సెన్సర్‌తో చిన్న చిన్న ప్రాజెక్టులు చేస్తారు. ఐదు రోజులకోసారి నేను అవ్వకిచ్చిన వంతు వస్తుంది. ఆ పొద్దున పచ్చ బటన్ పడగానే గీత గెంతుతుంది. ఈ చెత్త తీసేద్దామా మేడమ్ అని పిల్లలు అడుగుతారు. మిగతా రోజులవి తీసేయండి, అది ఉండనివ్వండి అంటాను. వాళ్లకు నేను కొంచెం తిక్క మనిషినని అనుమానం. నాకు మాత్రం ఆ గెంతు చూస్తేనే ఆ రోజు పని మొదలవుతుంది.

ఈమధ్య ఒక వంతు నాడు గీత గెంతలేదు. పది దాటింది, పదకొండు దాటింది, గీత నున్నగానే ఉంది. మళ్లీ మొదలుపెట్టారా? అవ్వకు ఏమన్నా అయిందా? కాకకు ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, మోటర్ ఎందుకు ఆపారు కాకా అని మీదపడ్డాను. ఆయన "వదినా, బిడ్డ మాట్లాడుతదట," అని ఫోన్ అవ్వకు ఇచ్చాడు.

"ఏంది బిడ్డా?"

"అవ్వా, ఇయ్యాల మన వంతు గదా. మోటర్ ఎవలు బంద్ వెట్టిండ్రు?"

"ఎవలు వెడ్తరు? రాత్రి మంచిగ వానవడ్డది, మడి నిండి ఉన్నది. ఇయ్యాల నీళ్లు వద్దని నేనే బంద్ వెట్టిన."

ఆ రోజు ఉత్తరాన అరోరా లేదు, పైన తుపాను లేదు, ఏ థీసిస్‌కూ పనికొచ్చేది ఏమీ లేదు. ఆ నున్నటి గీతను మాత్రం ప్రింటు తీసి, నా బల్ల ముందు గోడకు అంటించుకున్నాను.